ముఖాలు తీసే కెమెరా

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం చదివాను. అయిదు కెమెరాల పేర్లు రాశావు, లెన్సు మాట ఒక్కటీ లేదు. మనుషుల ఫొటోలే తీయాలని కదా నీ కోరిక! అయితే ఉన్న డబ్బులో సగానికి దగ్గరగా లెన్సు కోసం ముందే విడిగా పెట్టు. మిగిలినదానికి వచ్చే బాడీతో, అంటే లెన్సు లేని కెమెరాతో, సరిపెట్టుకోవచ్చు.

కెమెరాతో పాటు అంటగట్టే 18-55 లెన్సు (ఈ ఎం.ఎం. అంకె పెరిగేకొద్దీ దూరపుది దగ్గరగా కనిపిస్తుంది) ముఖం దాకా జూమ్ చేసేసరికి ఎఫ్5.6 దగ్గర ఆగిపోతుంది. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్సు ఎక్కువగా తెరుచుకుంటుంది. ఎఫ్1.8 ఉన్న 50 ఎం.ఎం. లెన్సు దానికి దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి రానిస్తుంది. అర్ధరాత్రి ముహూర్తంలో జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఆ తేడా ఏమిటో నీకే తెలుస్తుంది. నేను కింద చెప్పే కెమెరాల్లో బొమ్మను పట్టే సెన్సర్ చిన్నది కనుక 50 కాస్తా 75, 80 లాగా కనిపిస్తుంది. ముఖాలకు అది చక్కగా నప్పుతుంది. 85 ఇంకా బాగుంటుంది గానీ మన ఇళ్లలో వెనక్కి జరుగుదామంటే గోడ తగులుతుంది. ముందు 50 కొనుక్కో. 18లో పెట్టి మీదికి వెళ్లి తీశావంటే ముక్కు పెద్దదై కూర్చుంటుంది, పెళ్లికూతురు నీతో మళ్లీ మాట్లాడదు.

ఇక బాడీ. నికాన్ డీ5600 వద్దంటాను. దాని 24 మెగాపిక్సెల్స్ నీకు చాలు, చిక్కు అక్కడ లేదు. అందులో ఫోకస్ మోటారు ఉండదు, కాబట్టి చవకగా దొరికే పాత 85 ఎఫ్1.8డీ లాంటి లెన్సులు పెడితే ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. అంతకంటే ముఖ్యం, ఫోకస్ తేడాను సరిదిద్దుకునే ఏఎఫ్ ఫైన్ ట్యూన్ కూడా లేదు. ఎఫ్1.8లో దగ్గరి నుంచి తీస్తే కనురెప్ప స్పష్టంగా వచ్చి చెవి మసకబారుతుంది. అంత పలుచని ఫోకస్ కాస్త వెనక్కి జారినా కళ్లు పోతాయి. కొట్లోనే పరీక్షించు: దినపత్రికను బల్ల మీద పరిచి, ఏటవాలుగా నిలబడి, మధ్యలో ఒక శీర్షిక మీద ఫోకస్ చేసి నొక్కు. తెర మీద పెద్దది చేసి చూస్తే ఏ వరుస స్పష్టంగా ఉందో తెలిసిపోతుంది.

నా ఓటు 2015లో వచ్చిన డీ7200కే. 2017 నాటి డీ7500 వేగంలో మెరుగే, తెర కూడా వంచుకోవచ్చు. కానీ కార్డు ఒక్కటే పడుతుంది. డీ7200లో రెండు పడతాయి, ఒకే ఫొటో రెండింటిలోనూ రాసుకుంటుంది. కార్డు పాడైందని చెప్పి తలంబ్రాలు రెండోసారి పోయించలేం కదా. కానన్ 80డీ కూడా మంచిదే, దానికీ కార్డు ఒక్కటే. డబ్బులు తీసుకుని పెళ్లి ఫొటోలు తీసే ఉద్దేశం లేకపోతే అది హాయిగా తీసుకో.

లోపల అద్దం లేని కొత్తరకం కెమెరా, మిర్రర్‌లెస్, కొనమని చాలామంది చెబుతారు. కన్ను ఎక్కడుందో అదే వెతుక్కుంటుంది, నిజమే. కానీ లెన్సులతో కలిపి లెక్కవేస్తే నీ సంచి చాలదు. 2020 తర్వాత కానన్, నికాన్ అద్దం ఉండే ఎస్‌ఎల్‌ఆర్ రకంలో (పైన చెప్పినవన్నీ అవే) కొత్త నమూనాలు తేలేదు, అందరూ పాతవి అమ్మేస్తున్నారు. అది నీకు లాభమే.

పాతది కొంటే లెన్సును ఫోన్ టార్చికి ఎదురుగా పట్టి లోపలికి చూడు. సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే ఫంగస్. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు ఊళ్లలో వాడినవైతే మరీ జాగ్రత్త. ఎఫ్16లో తెల్లగోడను తీసి, సెన్సర్ మీది దుమ్ము మచ్చలు ఉన్నాయేమో చూడు. డీ7200 షట్టర్‌ను 1,50,000 నొక్కుళ్లకు పరీక్షించామని కంపెనీ చెబుతుంది. అందులో ఎన్ని వాడేశారో ఫొటో ఫైలులోనే రాసి ఉంటుంది.

అందుకే నీ కార్డు వెంట తీసుకెళ్లి, అడ్వాన్సు ఇవ్వకముందే ఒక ఫొటో తీసి నాకు పంపు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ వివరం చెరిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపు.

ఇట్లు,
పెదనాన్న