ఊపిరితిత్తిలో నీటి తిత్తి ఉందట, గొర్రెలు అమ్మేయాలా?

మీ నాన్నగారికి ఊపిరితిత్తిలో హైడాటిడ్ తిత్తి (ఒక చిన్న పురుగు వల్ల వచ్చే నీటి తిత్తి) అన్నారని, మంద మొత్తం అమ్మేయమంటారా అని అడిగారు. తొందరపడకండి. ఇది గొర్రె నుంచి నేరుగా అంటదు, మటన్ తింటే రాదు. చూడాల్సింది మీ కుక్కను.

మా చిన్నాయనకు ఇదే వచ్చింది. మాది పలమనేరు దగ్గర పల్లె. నెలల తరబడి దగ్గు. ఎక్స్‌రేలో గుండ్రటి మచ్చ చూసి ఒకచోట టీబీ మందులు రాసేశారు. కఫం పరీక్షలో ఏమీ రాకపోయినా రెండు నెలలు మింగాడు. ఒకరోజు తెల్లారుజామున దగ్గీ దగ్గీ గ్లాసెడు నీళ్లు కక్కి, "ఉప్పగా ఉండాయిరా" అన్నాడు. అందులో ఉడికిన గుడ్డు మీది పొరలాంటి తెల్లటి ముక్కలు. ఒళ్లంతా దద్దుర్లు. తిరుపతికి పరుగెత్తాం. సీటీ తీసి తిత్తి పగిలిందన్నారు. అలా పగిలినప్పుడు కొందరికి ప్రాణం మీదికొస్తుందట, మావాడు బతికిపోయాడు.

ఆపరేషన్‌కు ముందు సర్జన్ అడిగిన మొదటి ప్రశ్న: "ఇంట్లో కుక్క ఉందా?"

ఉంది. జాతరకు పొట్టేలు కోసినప్పుడు ఊపిరితిత్తి మీద నీటి బుడగలు కనబడితే, ఆ ముక్క కోసి కుక్కకు విసిరేది మేమే. ఆ బుడగలోనే పురుగు పిల్లలుంటాయి. కుక్క పేగులో అవి కొన్ని మిల్లీమీటర్ల పురుగులవుతాయి. కుక్క మాత్రం నిక్షేపంగా ఉంటుంది. దాని మలంలో వచ్చే గుడ్లు గడ్డికి, నీళ్లకు, బొచ్చుకు అంటుకుని గొర్రెకూ మనకూ చేరతాయి. మనిషిలో తిత్తి ఏళ్ల తరబడి పెరుగుతుంది.

మీరు చేయాల్సినవి: కాలేయానికి కూడా స్కానింగ్ చేయించండి, ఎక్కువగా వచ్చేది అక్కడే. ఊపిరితిత్తిలోది సూదితో గుచ్చి చూస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, ముందు ఛాతీ సర్జన్‌కు చూపించండి. ఆల్బెండజోల్ అనే పురుగుల మందు ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా ఆయన్నే చెప్పనివ్వండి, మందుల షాపులో సొంతంగా కొనకండి. మా చిన్నాయనకు ఆపరేషన్ తర్వాత 28 రోజులు వేసి, 14 రోజులు ఆపి, మళ్లీ ఇచ్చారు. నెయ్యో నూనో ఉన్న అన్నం తిన్నాక వేసుకోమన్నారు, మధ్యమధ్యలో లివర్ పరీక్షలు.

కుక్కను తరిమేయక్కర్లేదు. పశువుల డాక్టర్‌ను అడిగితే ప్రాజిక్వాంటెల్ అనే పురుగుల మాత్ర ఇస్తారు, ఏడాదికి కనీసం నాలుగుసార్లు వేయాలి. కుక్కను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగండి, శానిటైజర్‌కు ఈ గుడ్లు చావవు.

మేమిప్పుడు ఊపిరితిత్తులు, కాలేయం గుంట తీసి పూడుస్తున్నాం. మొదటిసారి మా కుక్క రాత్రికే తవ్వేసింది. అప్పటి నుంచి పైన బండ పెడుతున్నాం.