ఫ్లోరోసిస్‌తో నడుము వంగిపోయినా 30 శాతమే రాశారు, మళ్లీ బోర్డుకు వెళ్లేముందు ఏ కాగితాలు సిద్ధం చేసుకోవాలి?

తమ్ముడూ, మీ ప్రశ్న మొత్తం చదివాను. మర్రిగూడ వైపు ఊరు, మీ నాయనకు 58 ఏళ్లు, ఫ్లోరోసిస్‌తో (ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలకు వచ్చే జబ్బు) నడుము వంగిపోయింది, మెడ తిరగడం లేదు. అయినా సదరం క్యాంపులో, అంటే వైకల్యం ఎంత శాతమో తేల్చే డాక్టర్ల బోర్డులో, 30 శాతం రాసి పంపారు, పింఛను ఆగిపోయింది, ఈసారి ఏం పట్టుకెళ్లాలి అని అడిగారు. మాది చండూరు దగ్గర ఊరు. మా పెద్దమ్మది ఇదే జబ్బు. ఆమె కాగితాల పని అంతా నేనే చూసుకున్నాను, ఆ తర్వాత మా వాడకట్టులో ఇంకొందరికి కూడా తోడు వెళ్లాను. అట్లా తెలిసిందే చెప్తున్నాను.

మొదట ఒకటి మనసులో పెట్టుకోండి. బోర్డులో జబ్బు పేరుకు శాతం లేదు. ఏ కీలు ఎంత వంగుతుంది, ఏ కండరంలో ఎంత బలం మిగిలింది, మనిషి నిలబడగలడా, నడవగలడా, చేత్తో పని చేసుకోగలడా, వీటికే శాతం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, వాటిలో ఫ్లోరోసిస్ అన్న పేరు లేదు. మన నల్లగొండ ఫ్లోరైడ్ బాధితులంతా 'లోకోమోటర్' అనే ఖానా కిందికే వస్తారు, అంటే కాళ్లు, చేతులు, వెన్నుపూస కదలికకు సంబంధించినది. కాబట్టి 'ఈయనకు ఫ్లోరోసిస్ ఉంది' అని పది చీటీలు చూపించినా శాతం పెరగదు. 'ఈయన కుడి చెయ్యి భుజం కంటే పైకి లేవదు' అని ఒక్క డాక్టరు రాసిన ఒక్క చీటీ పని చేస్తుంది.

ఆ లెక్క ఎట్లా వేస్తారో తెలిస్తే మీకు కాగితాలు ఎందుకు కావాలో అర్థమవుతుంది. రెండు చోట్ల లోపం ఉంటే రెండు శాతాలనూ మామూలుగా కూడరు. పెద్ద శాతాన్ని ముందు పెడతారు. 90లోంచి దాన్ని తీసేసి, మిగిలిన దాన్ని రెండో శాతంతో గుణించి, 90తో భాగించి, వచ్చింది పెద్దదానికి కలుపుతారు. నడుముకు 30 ఉండి, భుజానికి ఇంకో 15 వచ్చిందనుకోండి. 90లోంచి 30 తీస్తే 60. 60ని 15తో గుణిస్తే 900, 90తో భాగిస్తే 10. మొత్తం 40. వికలాంగుల పింఛనుకు కావలసింది ఆ 40 శాతమే (చెవుడుకైతే 51). మీ నాయనకు వచ్చిన 30 నడుముకు మాత్రమే వేసింది అయితే, భుజాలు, మోకాళ్లు ఎవరైనా కొలిచారా అన్నదే అసలు ప్రశ్న. సర్టిఫికెట్ గానీ, తిరస్కరణ కాగితం గానీ తీసి చూడండి, ఏ అవయవం రాశారో దాని మీద ఉంటుంది. మా పెద్దమ్మ విషయంలో మొదటిసారి చూసిన డాక్టరు వెన్నుపూస ఒక్కటే రాశారు. ఆమె జడ వేసుకోలేక మా అక్కతో వేయించుకునేది, ఆ సంగతి ఆ గదిలో ఎవరికీ తెలియలేదు.

ఇక ఎక్స్‌రేలు. చాలామంది నడుముది ఒక్కటే తీయిస్తారు. ఫ్లోరోసిస్‌లో డాక్టర్లు మోచేతి కింది భాగం ఎక్స్‌రే కూడా చూస్తారు, ఎందుకంటే అక్కడి రెండు ఎముకల మధ్య ఉండే పొర సున్నంలా గట్టిపడి కనిపిస్తుంది. ఈ జబ్బుకు అది పెద్ద గుర్తు. వెన్నుపూస, తుంటి ఎముకలు మామూలు కంటే తెల్లగా చిక్కగా కనిపిస్తాయి, వాటిని పట్టుకుని ఉండే లిగమెంట్లు ఎముకలా మారిపోతాయి. అందుకని వెన్నుపూస, తుంటి, ముంజేయి మూడూ తీయించండి. ఫిల్మ్ ఒక్కటే తీసుకుని రావద్దు, రేడియాలజిస్టు రాసిన రిపోర్టు కూడా అడిగి తీసుకోండి. పాత ఫిల్ములు ఉంటే పారేయకండి. పదేళ్ల కిందటి ఫిల్మ్ పక్కన ఇప్పటి ఫిల్మ్ పెడితే జబ్బు తగ్గేది కాదని తెలుస్తుంది, టెంపరరీ కాకుండా పర్మనెంటు సర్టిఫికెట్ అడగడానికి అదే ఆధారం. ఎండకు, ఉక్కకు అవి ఒకదానికొకటి అతుక్కుపోతాయి కాబట్టి మధ్యలో కాగితం పెట్టి దాచండి. కిటికీ వెలుతురుకు ఎదురుగా పెట్టి ఫోన్‌లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి, పేరు, తేదీ కనపడేట్టు.

మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. చేయించండి, కానీ దాని మీదే ఆశ పెట్టుకోవద్దు. అది ఇప్పుడు ఒంట్లోంచి ఎంత ఫ్లోరైడ్ పోతుందో చెప్తుంది, కీళ్లు ఎంత బిగుసుకున్నాయో చెప్పదు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చినంక బోరునీళ్లు మానేసిన ఇళ్లలో ఆ అంకె తగ్గుతుంది. అంకె తగ్గింది కదా, జబ్బు తగ్గినట్టే అని ఎవరైనా అంటే నమ్మొద్దు. నీళ్లు మారినా, ఏళ్ల తరబడి తాగిన నీళ్లకు వంగిన నడుము నిటారుగా కాదు. ఆ నీళ్లు మంచివని ఎవరో చెప్తే తాగినవాళ్లు కాదు వీళ్లు, వేరే నీళ్లు లేక తాగినవాళ్లు. ఈ పింఛను వాళ్లకు ఎవరో దయతో ఇచ్చేది కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

చాలా కుటుంబాలు వదిలేసేది ఇంకొకటి ఉంది. మీ నాయనను ఇవి అడగండి: నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయినా తెలియడం లేదా? అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయా? చీకట్లో నడిస్తే తూలుతున్నాడా? ఒంటికి ఆపుకోలేకపోతున్నాడా? వీటిలో ఏది ఉన్నా వెన్నుపాము మీద ఒత్తిడి పడుతున్నట్టు కావచ్చు. అది ఆర్థో డాక్టరు ఒక్కరితో తేలేది కాదు, న్యూరాలజిస్టుకు, అంటే నరాల డాక్టరుకు చూపించాలి, ఎంఆర్ఐ అవసరమా అని ఆయన చెప్తాడు. ఇది సర్టిఫికెట్ కోసమే చెప్పడం లేదు. ఒత్తిడి ముదిరితే కాళ్లు పూర్తిగా పడిపోయే ప్రమాదం ఉంది, కాబట్టి బోర్డు తేదీ కోసం ఆగకుండా ముందే చూపించండి. కాళ్ల బలం 0 నుంచి 5 దాకా గ్రేడు వేసి న్యూరో డాక్టరు రాసిన కాగితం ఉంటే బోర్డులో ఆర్థో డాక్టరు కూడా కాళ్లను పట్టించుకుని చూస్తారు.

ఇప్పుడు అన్నిటికంటే తేలికైనది, అందరూ మరిచేది. మీ మండలంలో పీహెచ్‌సీ ఉంటుంది కదా, మీ నాయన నొప్పుల మాత్రలకు అక్కడికే వెళ్తూ ఉంటాడు. ప్రతిసారీ ఓపీ చీటీ మీద 'ఒళ్లు నొప్పులు' అని రాసి మాత్రలు ఇస్తారు. వెళ్లినప్పుడు మర్యాదగా అడగండి: "సార్, చెయ్యి ఎంతదాకా లేస్తుందో, కింద కూర్చుని లేవగలుగుతడో లేదో చీటీ మీద రాయండి." రెండు నిమిషాల పని, అడిగితే చాలామంది రాస్తారు. ఇట్లాంటి చీటీలు కొన్ని నెలల తేడాతో ఉంటే, బోర్డు ముందు కూర్చున్న రోజు చెప్పినది కొత్తగా కల్పించి చెప్పింది కాదని ఎవరికైనా తెలుస్తుంది. ఏ కొలతా లేని పాత చీటీలైనా పారేయొద్దు, తేదీల వరుసలో పెట్టండి. అవి జబ్బు ఎప్పటినుంచి ఉందో చెప్తాయి.

పాత ఆసుపత్రి కాగితాలు పోతే బెంగ పడకండి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం అడ్మిట్ అయిన రోగి రికార్డులను డాక్టర్లు మూడేళ్లు దాచాలి, రోగి రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ ఏదైనా అయి ఉంటే డిశ్చార్జి సమ్మరీ అడగండి. సర్కారు దవాఖాన అయి కౌంటర్లో ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టొచ్చు, దానికి 30 రోజుల గడువు. మాకు ఒక చోట 'రికార్డు దొరకడం లేదు' అని నోటితో చెప్పి పంపారు. నేను అదే మాట కాగితం మీద రాసి ఇమ్మన్నాను. రెండు రోజులకు రికార్డు దొరికింది.

పేర్లు సరిచూసుకోండి. ఆధార్‌లో లక్ష్మమ్మ, ఓపీ చీటీలో లచ్చమ్మ, ఎక్స్‌రే మీద ఇంకేదో ఉంటే ఇది ఈ మనిషిదేనా అన్న సందేహం వస్తుంది. వయసుదీ అంతే. ఇకమీద ఏ పరీక్షకు వెళ్లినా ఆధార్ చూపించి అట్లాగే రాయించండి.

దరఖాస్తు సంగతి: మన నోట్లో ఇంకా 'సదరం' అనే ఉంది కానీ, 2025 నుంచి తెలంగాణలో యూడీఐడీ (వికలాంగులకు దేశమంతా చెల్లే గుర్తింపు కార్డు) పోర్టల్ ద్వారా కార్డులు ఇస్తున్నారు. మీసేవలో నింపించండి లేదా మీరే ఫోన్‌లో నింపండి, ఆధార్, ఫొటో, సంతకం లేదా వేలిముద్ర కావాలి, పాత రిపోర్టులు అక్కడే ఎక్కించొచ్చు. వచ్చిన నంబరు రాసిపెట్టుకోండి. కార్డు రంగుతో శాతం తెలుస్తుంది: 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, ఆ పైన నీలం.

ఇక ఆ రోజు గదిలో జరిగేది. మా పెద్దమ్మ ఊతకర్ర లేనిదే వాకిలి దాటదు. దవాఖానకు వెళ్లిన రోజు మాత్రం నలుగురిలో కర్ర పట్టుకుని నడవడం నామోషీ అని ఆటోలోనే వదిలేసింది. నేను వెనక్కి వెళ్లి తెచ్చి చేతిలో పెట్టాను. లోపల డాక్టరు "ఎట్లున్నవమ్మా?" అంటే రెండు చేతులూ జోడించి "మంచిగనే ఉన్న బిడ్డా, మీ దయ" అంది. మన పెద్దవాళ్లకు అది మర్యాద. డాక్టరు ముందు బాధలు చెప్పుకుంటే ఆయనను ఇబ్బంది పెట్టినట్టు అనుకుంటారు. కానీ ఆ మాటే కాగితం మీదికి ఎక్కితే కష్టం. నేను పక్కనుంచి "సార్, కింద పీట మీద కూర్చోమనండి, లేవమనండి" అన్నాను. ఆయన కూర్చోమన్నారు. కూర్చోవడానికే గోడ పట్టుకోవలసి వచ్చింది, లేవడానికి ఇద్దరం పట్టుకున్నాం. ఆ తర్వాత ఆయన కీలు ఎంత వంగుతుందో కొలిచే గోనియోమీటర్ తీసి మోకాలు, భుజం కొలిచి రాశారు.

అందుకని మీ నాయనతో ముందే మాట్లాడండి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, ఎక్కువ చేసి చూపించొద్దు, తక్కువ చేసీ చెప్పొద్దు. రోజూ వేసుకునే మాత్రలు ఆ రోజూ వేసుకోవాలి, ఏవి వేసుకున్నాడో డాక్టరుకు చెప్పాలి. ఇంట్లో వాడే కర్ర, నడుముకు కట్టే బెల్టు ఏది ఉన్నా తెచ్చుకోవాలి. ఒక కాగితం మీద ఆయన రోజులో చేయలేని పనులు రాయండి: స్నానం చేసేటప్పుడు వీపు రుద్దుకోవడం, అంగీ తలమీదుగా తొడుక్కోవడం, బస్సు మెట్టు ఎక్కడం, పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పవలసి రావడం. అర పేజీ చాలు, ఎక్కువైతే ఎవరూ చదవరు. దాన్ని ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టండి. డాక్టర్లకు ఆ రోజు పొద్దున్నుంచీ క్యూ ఉంటుంది, మీ నాయన ముందు కూర్చునేది కొద్ది నిమిషాలే.

దళారుల సంగతి చెప్పక తప్పదు. దవాఖాన బయట, మీసేవ దగ్గర 'శాతం పెంచిస్తాం' అని తిరిగేవాళ్లు ఉంటారు. డబ్బులు పోవడం ఒక్కటే కాదు, అబద్ధపు సర్టిఫికెట్‌తో లబ్ధి పొందితే పైన చెప్పిన 2016 చట్టంలో 91వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా ఉంది. మీ నాయనకు నిజంగానే హక్కు ఉంది, దాన్ని అట్లాంటివాళ్ల చేతిలో పెట్టకండి.

మళ్లీ 40 లోపే వస్తే కారణం రాసి ఇమ్మని అడగండి. సర్టిఫికెట్ నిరాకరిస్తే కారణం చెప్పాలి, ఇది రూల్స్‌లో ఉంది. బోర్డు నిర్ణయం మీద అదే చట్టంలో 59వ సెక్షన్ కింద అప్పీలు ఉంది, ఆలస్యం చేయకుండా వేయండి. అప్పీలులో మీ బాధ గురించి పేజీలు రాయనవసరం లేదు. 'ఫలానా తేదీన ఫలానా డాక్టరు భుజం కదలిక ఇంత అని రాశారు, బోర్డు భుజం కొలవలేదు' అని రాసి ఆ చీటీ జిరాక్స్ జతచేస్తే చాలు. అప్పటికంటే ఒంట్లో పరిస్థితి దిగజారితే, అప్పీలు కాకుండా కొత్త రిపోర్టులతో మళ్లీ దరఖాస్తు చేయడం మేలు. ఏ ఆఫీసులోనూ ఒరిజినల్స్ వదిలి రావద్దు, జిరాక్సులే ఇచ్చి, తీసుకున్నట్టు తేదీతో సంతకం చేయించుకోండి.

మీకు ఇచ్చిన కాగితంలో ఏ అవయవం రాసి ఉందో, మీ నాయన రెండు చేతులూ ఎంతవరకు లేస్తాయో, కాళ్లలో తిమ్మిరి ఉందో లేదో కింద రాయండి. పేరు, ఆధార్ నంబరు మాత్రం ఇక్కడ పెట్టకండి. చూసి ముందు ఎవరికి చూపించాలో చెప్తాను.