రెండో విడత ఆగిపోతే: స్వాతికి మావయ్య ఉత్తరం

గుంటూరు

చిరంజీవి స్వాతికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్‌లన్నీ విన్నాను. మీ నాన్నతో, అదే మా బావతోనూ మాట్లాడాను. నీ చదువు లోనులో మొదటి విడతగా మొదటి సెమిస్టర్ ఫీజు లక్షణంగా వెళ్లింది. రెండో విడతగా వెళ్లాల్సిన స్ప్రింగ్ సెమిస్టర్ ఫీజు దగ్గరికి వచ్చేసరికి బ్యాంకు బ్రాంచిలో "వచ్చే వారం" అంటున్నారు, ఆ వచ్చే వారం ఇంకా రాలేదు. లోను ఇప్పిస్తానని ముందుండి నడిపించిన కన్సల్టెన్సీ కుర్రాడు ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. నువ్వేమో ఈ రాత్రికే ఆర్‌బీఐకి ఫిర్యాదు పెట్టేస్తానంటున్నావు. పెడుదువుగాని, దానికో వరస ఉంది. వరస తప్పితే ఫిర్యాదు అక్కడే తిప్పి పంపేస్తారు.

అన్నిటికంటే ముందు బ్యాంకును కాసేపు మరిచిపో. రేపు పొద్దున్నే మీ యూనివర్సిటీ ఫీజుల ఆఫీసుకు వెళ్లు. శాంక్షన్ లెటర్ (లోను మంజూరు చేస్తూ బ్యాంకు ఇచ్చిన ఉత్తరం) చూపించి, డబ్బు బ్యాంకు నుంచి రావాల్సి ఉందని చెప్పి, వాయిదాల్లో కట్టే ప్లాను ఉందా, గడువు పొడిగిస్తారా, నీ పేరు మీద హోల్డ్ (బాకీ తీరేదాకా రిజిస్ట్రేషన్ ఆపడం) పెట్టకుండా ఆపగలరా అని అడుగు. అడిగిందంతా మెయిల్లో కూడా పెట్టు. అక్కణ్నుంచి అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకు వెళ్లి ఇదే సంగతి చెప్పు. నీది ఎఫ్-1, అంటే అమెరికాలో చదువుకునేవాళ్లకిచ్చే వీసా. ఫీజు కట్టలేదని రిజిస్ట్రేషన్ రద్దై, ఫుల్ టైం క్లాసులు లేకుండా పోతే దెబ్బ తగిలేది వీసా హోదాకి. బ్యాంకుతో తగువు ఆర్నెల్లు నడిచినా నడుస్తుంది, ఆ హోదా మాత్రం ఒక్కసారి పోతే తిరిగి తెచ్చుకోవడం మహా కష్టం. ఈ కంగారులో బయటెక్కడో క్యాష్ పనికి ఒప్పుకోకు. బావను కూడా ఇక్కడ మూడు రూపాయల వడ్డీకి తేవద్దని గట్టిగా చెప్పాను. తెస్తానని చూస్తున్నాడు, నువ్వూ ఓ మాట చెప్పు.

ఇక బ్యాంకు సంగతి. లోన్ల సీట్లో ఏళ్ల తరబడి కూర్చున్నవాణ్ని కాబట్టి చెబుతున్నా. బల్లకు అవతలున్న మనిషి "ఇవ్వను" అని ఎప్పుడూ అనడు. "చూస్తున్నాం", "పైకి పంపాం", "సిస్టమ్ తీసుకోవట్లేదు" అంటాడు. ఇవ్వనంటే కారణం చెప్పాలి, చెప్పిన కారణానికి జవాబుదారీ వహించాలి. చూస్తున్నాం అనడానికి ఆ బాధ లేదు. కాబట్టి మన పని అరవడమూ కాదు, బతిమాలడమూ కాదు. ఎందుకు ఆగిందో ఆ కారణాన్ని వాళ్ల చేత కాగితం మీద రాయించాలి. అది వచ్చిన రోజున సగం తగాదాలు అక్కడికక్కడే తీరిపోతాయి. తీరనివాటికి పైన పోట్లాడటానికి ఆధారం దొరుకుతుంది.

శాంక్షన్ లెటర్లో మొదటి పేజీలో ఉన్న అంకె చూసి అందరూ స్వీట్లు పంచుతారు. రెండో పేజీ నుంచీ ఉండే షరతులు ఎవరూ చదవరు. మొత్తం లోను మంజూరైందంటే మొత్తం డబ్బు నీదని కాదు, ఫలానా షరతులు తీరినప్పుడల్లా ఫలానా విడత ఇస్తామని. నాకు తెలిసి రెండో విడత ఆగడానికి కారణాలు ఎప్పుడూ ఓ నాలుగైదింటిలోనే తిరుగుతుంటాయి. మొదటి సెమిస్టర్ మార్కుల ట్రాన్స్‌స్క్రిప్ట్ ఇవ్వకపోవడం ఒకటి. యూనివర్సిటీ పంపిన ఫీజు ఇన్‌వాయిస్‌కీ, లోను పెట్టేటప్పుడు ఇచ్చిన ఖర్చుల అంచనాకీ పొంతన లేకపోవడం ఇంకొకటి. తాకట్టు పెట్టిన స్థలం కాగితాల్లో ఏదో మిగిలిపోవడం, టైటిల్ డీడ్స్ డిపాజిట్ (స్థలం పత్రాలు బ్యాంకులో తాకట్టు పెట్టడం) రిజిస్ట్రేషన్ పూర్తికాకపోవడం, ఈసీలో (స్థలం మీదున్న లావాదేవీలు చూపే సర్టిఫికెట్లో) ఏదో ఎంట్రీ కనపడటం మరోటి. సహ రుణగ్రహీతగా సంతకం పెట్టిన తండ్రి పేరు మీద పాత లోనేదైనా బకాయి పడితే, ఆ సంగతి ముఖం మీద చెప్పలేక నాన్చడమూ ఉంది.

మీ విషయంలో నాకు అనుమానమున్నది మార్జిన్, అంటే ఖర్చులో మనం పెట్టుకోవాల్సిన వాటా దగ్గర. బ్యాంకుల సంఘం మోడల్ పథకం ప్రకారం 4 లక్షలు దాటిన లోనుకు విదేశీ చదువైతే 15 శాతం, ఇక్కడి చదువైతే 5 శాతం మన చేతి నుంచి పెట్టుకోవాలి. అది మొదట్లోనే మొత్తం కట్టాలని లేదు, విడుదలయ్యే ప్రతి విడతకూ దాని వాటా చొప్పున తేవచ్చు. స్కాలర్‌షిప్ వస్తే దాన్నీ మార్జిన్ కిందే లెక్కేస్తారు. మొదటిసారి బావ తన వాటా కట్టాడు. రెండోసారి కూడా కట్టాలని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. మీ బ్యాంకు శాతం వేరుగా ఉండొచ్చు, అందుకే ముందు శాంక్షన్ లెటర్ చూడమంటున్నా. పైగా నీ లోను రూపాయల్లో మంజూరైంది, ఫీజేమో డాలర్లలో. మధ్యలో రూపాయి పడిపోతే పోయిన ఏడాది సరిపోయిన అంకె ఈ ఏడాది సరిపోదు. ఆ తేడా మనమే భరించాలి. అది బ్యాంకు మాట తప్పినట్టు కాదు, దాని మీద పోట్లాడి లాభం లేదు.

అసలు మాటిచ్చింది ఎవరు అన్నది కూడా తేల్చుకోవాలి. "రెండో విడత రెండు రోజుల్లో పడిపోతుంది, మీరేమీ ఇవ్వక్కర్లేదు" అన్నది కన్సల్టెన్సీ కుర్రాడు. వాడు బ్యాంకు మనిషి కాదు. పాత మేనేజరు కూడా బావతో అలాగే అన్నాడట. ఆయన బదిలీ మీద వెళ్లిపోయాడు, ఆయనతో పాటే ఆ మాటా పోయింది. ఇప్పుడొచ్చిన మేనేజరుకు ఫైల్లో ఉన్నది తప్ప మరేమీ తెలియదు. పాపం, ఆయన్నీ పూర్తిగా తప్పుపట్టలేను. ఈ రోజుల్లో పెద్ద లోన్ల నిర్ణయం చాలా బ్యాంకుల్లో బ్రాంచిలో జరగదు, ప్రాసెసింగ్ సెంటర్లో జరుగుతుంది. మేనేజరు కూడా అక్కడికి ఫోన్లు చేసుకుంటూ కూర్చుంటాడు. కాబట్టి నీ మెయిల్ బ్రాంచికి ఒక్కదానికే కాకుండా ఆ సెంటరుకు కూడా కాపీ వెళ్లాలి.

ఆ మెయిల్ చిన్నదిగా ఉండాలి. నీ కష్టాలూ, అమ్మ ఏడుపూ అందులో పెట్టకు. ఇంగ్లీషులో నువ్వే రాసుకో, విషయం ఇలా ఉండాలి:

"నా లోను ఖాతా నంబరు ఇది. ఫలానా తేదీన మంజూరైంది. స్ప్రింగ్ ఫీజు విడత కోసం ఇన్‌వాయిస్, మార్కుల ట్రాన్స్‌స్క్రిప్ట్ ఫలానా తేదీన సమర్పించాను. ఫీజు గడువు ఫలానా తేదీ. శాంక్షన్ షరతుల్లో ఇంకా తీరనిది ఏదైనా ఉంటే దాని క్లాజు నంబరుతో సహా రాతపూర్వకంగా తెలపండి. ఏదీ లేకపోతే విడత ఏ తేదీన విడుదల చేస్తారో తెలపండి. ఆలస్యం వల్ల యూనివర్సిటీ వేసే జరిమానా వివరాలు విడిగా పంపుతాను."

అంతే. క్లాజు నంబరు అడగడంలోనే కిటుకుంది. "సిస్టమ్ తీసుకోవట్లేదు" అన్నదానికి ఏ శాంక్షన్ లెటర్లోనూ క్లాజు ఉండదు. ఇదే ప్రింటు తీసి, బావను రెండు కాపీలతో బ్రాంచికి వెళ్లి ఒకటి ఇచ్చి రెండో దాని మీద అందినట్టు ఇన్‌వర్డ్ ముద్ర, తేదీ వేయించుకు రమ్మను. ముద్ర వెయ్యం అని వాళ్లంటే గొడవపడకుండా బయటికొచ్చి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచమను. ఇక నుంచి ఫోన్లో ఎవరేం చెప్పినా అరగంటలో మెయిల్ వెళ్లాలి: "ఇవాళ పదకొండింటికి మీరు ఫోన్లో ఇలా చెప్పారు, నేను అర్థం చేసుకున్నది సరైనదేనా?" అని. జవాబు రాకపోయినా సరే, ఆ మెయిలే రేపు సాక్ష్యం.

మీకు బలాన్నిచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి. శాంక్షన్ షరతుల మేరకు లోను సకాలంలో విడుదల చేయాలనీ, షరతులు మారిస్తే ముందుగా తెలపాలనీ ఆర్‌బీఐ 2003లోనే ఫెయిర్ ప్రాక్టీసెస్ కోడ్‌లో చెప్పింది. 2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే కొత్త రిటైల్ లోన్లకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అని ఒక కాగితం తప్పనిసరి. అందులో చూపించని చార్జీని నీ స్పష్టమైన ఒప్పుదల లేకుండా వసూలు చేయకూడదు. రెండో విడతకు ఇన్సూరెన్స్ పాలసీ తీసుకోవాలని కౌంటర్లో అన్నారట కదా, ఆ కాగితంలోనూ శాంక్షన్ లెటర్లోనూ అది ఉందేమో చూడు. లేకపోతే "ఈ షరతు ఎక్కడుందో చూపించండి" అని అడిగితే చాలు, చాలాసార్లు అక్కడితో ఆ మాట ఆగిపోతుంది. ఇంకొకటి, వడ్డీ. కొన్ని సంస్థలు డబ్బు ఇవ్వకముందే, మంజూరు చేసిన రోజు నుంచో, ఒప్పందం రాసుకున్న రోజు నుంచో వడ్డీ లెక్కేస్తున్నాయని తనిఖీల్లో బయటపడి 2024 ఏప్రిల్లో ఆర్‌బీఐ తప్పుపట్టింది. డబ్బు అసలు వెళ్లిన తేదీ నుంచే వడ్డీ పడాలి. మొదటి విడతది కూడా ఓసారి స్టేట్‌మెంట్ తెరిచి చూసుకో.

ఒకవేళ రేపో ఎల్లుండో "పంపేశాం" అన్నారనుకో, సంబరపడి ఊరుకోకు. స్విఫ్ట్ కాపీ, అంటే డబ్బు విదేశానికి పంపినట్టు బ్యాంకు దగ్గరుండే కాగితం అడుగు. అందులో నీ స్టూడెంట్ ఐడీ ఉందో లేదో చూడు. ఐడీ లేకపోతే డబ్బు యూనివర్సిటీ ఖాతాలో పడినా నీ పేరుకి జమ కాకుండా ఎక్కడో ఉండిపోతుంది. మధ్యలో ఉన్న బ్యాంకులు వాటి చార్జీలు కోసుకుంటే పదో ఇరవయ్యో డాలర్లు తక్కువ పడతాయి. అంత చిన్న బాకీకి కూడా హోల్డ్ పడిన పిల్లలున్నారు. లోను డబ్బుతో పంపే ఫీజు మీద 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్ (విదేశాలకు డబ్బు పంపేటప్పుడు ముందే వసూలు చేసే పన్ను) లేదు, ఎవరైనా దాని పేరు చెబితే ఒప్పుకోకండి.

పైన రాసిన మెయిల్‌కి వారంలో సరైన జవాబు రాకపోతే బ్యాంకు వెబ్‌సైట్లో ఫిర్యాదు నమోదు చేసి నంబరు తీసుకో, ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసరుకు మెయిల్ పెట్టు. అంబుడ్స్‌మన్, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అధికారి దగ్గర లెక్కకొచ్చే ఫిర్యాదు ఇది. బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చిన తర్వాత 30 రోజులు గడిచినా జవాబు లేకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా అప్పుడు ఆర్‌బీఐ ఫిర్యాదుల వెబ్‌సైటైన సీఎంఎస్ పోర్టల్లో అంబుడ్స్‌మన్‌కు పెట్టొచ్చు. పైసా ఖర్చు లేదు, లాయరు అక్కర్లేదు. 30 రోజులు కాకుండా పెడితే కొట్టేస్తారు, నేను మొదట్లో వరస అన్నది ఇదే. అక్కడ ఏం రాస్తామన్నది కూడా ముఖ్యం. లోను ఇవ్వాలా వద్దా, ఎంత ఇవ్వాలి అన్నవి బ్యాంకు వ్యాపార నిర్ణయాలు, వాటిలో అంబుడ్స్‌మన్ వేలు పెట్టడు. "మంజూరైన లోనులో షరతులన్నీ తీర్చినా విడత ఆలస్యం చేశారు, కారణం చెప్పలేదు, దానివల్ల ఇంత నష్టం" అని రాస్తే అది సేవాలోపం, అది ఆయన పరిధి. లేట్ ఫీజు రసీదులు జతచేయి.

కాకపోతే ఒక మాట ఉన్నదున్నట్టు చెబుతా. నీ ఫీజు గడువు జనవరిలో. అంబుడ్స్‌మన్ తీర్పు ఆలోగా రాదు. గడువులోగా డబ్బు తెచ్చేది ఆ క్లాజు మెయిలూ, బావ రీజనల్ ఆఫీసులో కూర్చోవడమూ. అంబుడ్స్‌మన్ తర్వాత నష్టం రాబట్టుకోవడానికి. మీది ప్రభుత్వ బ్యాంకు కాబట్టి బావ పేరు మీద ఆర్‌టీఐ (సమాచార హక్కు చట్టం) దరఖాస్తు కూడా వేయించు, 10 రూపాయల ఫీజు. "విడత దరఖాస్తు ఏ తేదీన అందింది, ఏ అధికారి దగ్గర ఎన్ని రోజులుంది" అని అడగాలి. జవాబుకు 30 రోజుల గడువున్నా, ఆ దరఖాస్తు అందగానే ఫైలు ఎక్కడుందో వెతకడం మొదలుపెడతారు. ఈ మాట లోపలివాణ్నిగా చెబుతున్నా. నీ రూమ్మేటు లోను ఎన్‌బీఎఫ్‌సీలో (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీలో) అన్నావు, ఆమెకు ఆర్‌టీఐ పనికిరాదు. అంబుడ్స్‌మన్ పథకం మాత్రం ఎన్‌బీఎఫ్‌సీలకు కూడా ఉంది, 2021లో రెంటినీ ఒకే పథకం కిందికి తెచ్చారు.

వినియోగదారుల కమిషన్ దారి కూడా ఉంది. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు కాబట్టి బావ గుంటూరులోనే వేసుకోవచ్చు. కానీ రెండూ ఒకేసారి వద్దు. కమిషన్లో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ తీసుకోడు. ముందు అంబుడ్స్‌మన్, అక్కడ న్యాయం జరగకపోతే కమిషన్.

తమ్ముడికి కూడా ఇప్పుడే చెప్పు. వాడు ఇక్కడే ఇంజనీరింగుకి లోను పెడతానంటున్నాడు, అదే కన్సల్టెన్సీ కుర్రాడు వాడి వెనకా తిరుగుతున్నాడు. పీఎం-విద్యాలక్ష్మి అనే కేంద్ర ప్రభుత్వ చదువు లోన్ల పథకం దేశంలో ఎంపిక చేసిన కాలేజీలకే. పోర్టల్లో వాడే సొంతంగా దరఖాస్తు పెట్టుకోగలడు, మధ్యలో ఎవరికీ కమీషన్ ఇవ్వక్కర్లేదు.

బావను శాంక్షన్ లెటర్ అన్ని పేజీలూ, వెనక వైపు కూడా, ఫోటోలు తీసి నాకు ఇవాళే పంపమను. మొదటి విడతకు కట్టిన మార్జిన్ రసీదు కూడా. మెయిల్ పంపే ముందు నాకోసారి చూపించు, మన టైము రాత్రి పదిన్నర దాకా మేలుకునే ఉంటాను.

ఆశీస్సులతో,
మావయ్య