చార్మినార్ రూపాయిని తోమకురా చిన్నా

చిన్నా,

నువ్వు పంపిన ఫొటోలు నిన్న రాత్రి చూసిన. తాత ట్రంకు పెట్టెలో దొరికిన రూపాయి మీద 1330 అని ఉందని పక్కింటి చాచా చదివి చెప్పిండట, ఏడు వందల ఏండ్ల కిందటిది, లక్షలొస్తయి అని నువ్వు ఎగిరి గంతేస్తున్నవు, జర ఆగు. అది హిజ్రీ సంవత్సరం రా, అంటే ముస్లింల క్యాలెండర్ లెక్క. 0.97తో గుణించి 622 కలుపు, 1912 వస్తది. మన ఆఖరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ గద్దె ఎక్కిన కొత్తల కొట్టిన రూపాయి అన్నమాట.

ఇప్పుడు భూతద్దం తీస్కో. చార్మినార్ బొమ్మల నడిమి కమాను లోపల చిన్న ఉర్దూ అక్షరం ఉంటది, అందరూ మినార్లు చూస్తరు గానీ అసలు సంగతి ఆ తలుపులనే ఉంది. ఐన్ ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్‌ది, మీమ్ ఉంటే ఆయన నాయన మహబూబ్ అలీ ఖాన్‌ది. 92 అని కనిపిస్తే అది సంవత్సరం అనుకునేవు, ముహమ్మద్ అనే పేరుల ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె కట్టి కూడితే వచ్చే లెక్క అది. తర్వాత బంగారం షాపుల తూకం వేయించు, వంటింటి త్రాసు పనికిరాదు. 11.18 గ్రాములకి దగ్గరగా ఉండాలె, అందుల దాదాపు 9 గ్రాములు వెండి. అయస్కాంతానికి అంటుకుంటే మాత్రం దొంగ సరుకే, ఇంక చూడనక్కర్లేదు.

రేటు అంటవా, అచ్చు ఎంత పదునుగా ఉంది, ఆ సంవత్సరంవి ఎన్ని దొరుకుతున్నయి, అంతే. మామూలు సంవత్సరాలవైతే వెండి ధర మీద పెద్దగా ఏం రాదు. కానీ తోమినవా, ఉన్నది కూడా పోతది. నాకు పాతికేండ్లప్పుడు ఒక మీమ్ రూపాయి దొరికితే చింతపండు పెట్టి తళతళ మెరిసేదాకా రుద్ది అబిడ్స్‌కి పట్టుకపోయిన, కొనేటాయన ఒక్క చూపు చూసి తూకం ధర చెప్పిండు, నా మొహం చూడాలె అప్పుడు. ఆ నల్లటి పొరనే దాని వయసుకి సాక్ష్యం అని ఆ రోజు తెలిసింది.

ఇంక స్టాంపులు. తాత ఉత్తరాల మీద నుంచి కత్తిరించకు, ముద్రతో సహా కవరు మొత్తం ఉంటేనే విలువ. విడివి ఉంటే అంచుల పళ్లు అన్నీ ఉన్నయా, వెనక పల్చబడ్డదా చూడు. 1931ల నిజాం సర్కారు వేసిన అణా స్టాంపు మీద చార్మినార్, నాలుగణాల దాని మీద ఉస్మాన్ సాగర్, అదే మన గండిపేట. 1948 గాంధీ 10 రూపాయల స్టాంపు ఉంది అన్నవు, దానికి నకిలీలు మస్తు, నేను చూసేదాక ఎవ్వరికీ చెప్పకు.

వైష్ణోదేవి బొమ్మ 5 రూపాయలకి లక్షలిస్తం, ముందు కమిషన్ కట్టమని ఎవడన్నా ఫోన్ చేస్తే పెట్టెయ్. రిజర్వ్ బ్యాంకే 2021ల ఇట్లాంటి వాళ్లని నమ్మొద్దని చెప్పింది.

ఆదివారం పొద్దున అన్నీ కాయితం కవర్ల పెట్టుకుని ఇంటికి రా, అంచులు పట్టుకుని తియ్యాలె, వేళ్లు నాణెం మొహం మీద పడొద్దు. మీ అమ్మ దీపావళి పూజకి కడుగుత ఇయ్యి అంటది, ఇయ్యకు.

మీ మామయ్య