స్టైపెండ్ లేని ఇంటర్న్‌షిప్‌కి హైదరాబాద్ వెళ్ళాలా?

తమ్ముడూ, నువ్వు రాసింది ఇది: సీఎస్‌ఈ ఫైనల్ ఇయర్, వెబ్‌సైట్లు తయారుచేసే జాంగో, రియాక్ట్ టూల్స్ బాగా వచ్చు, మీ హాస్టల్ మెస్ లెక్కల యాప్ సొంతంగా రాసి నడుపుతున్నావు. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీ ఆరు నెలలు వచ్చి పనిచెయ్యమంటోంది, స్టైపెండ్ లేదు, సర్టిఫికెట్ ఇస్తాం, నచ్చితే ఉద్యోగం సంగతి చూస్తాం అంటోంది. ఖర్చులకి నాన్నగారు కొబ్బరి దింపు డబ్బులు పంపిస్తానంటున్నారు. వెళ్ళాలా వద్దా?

ఈ షరతులతో అయితే వెళ్ళొద్దు.

నాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు, చదివింది భీమవరంలో. నేనూ ఫైనల్ ఇయర్‌లో ఇలాంటి దానికే వెళ్ళాను. పేరు చెప్పను గానీ ఆ ఆఫీసులో ఇంటర్న్‌లే ఎక్కువ, జీతం తీసుకునే డెవలపర్లు ఒకరిద్దరు. నాకు అప్పటికే పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ వచ్చని తెలిసి, వెళ్ళిన కొద్ది రోజులకే ఒక స్కూలుకి అమ్మిన సాఫ్ట్‌వేర్‌లో ఫీజుల మాడ్యూల్ మొత్తం నా చేతిలో పెట్టారు. నేను రాసిన కోడ్ ఎవరూ చూడలేదు, ఇలా కాదు అలా రాయాలి అని చెప్పినవాళ్ళు లేరు, అది నేరుగా లైవ్‌లోకి వెళ్ళిపోయింది. రసీదు తప్పు వస్తే ఆ స్కూలు క్లర్కు ఫోన్ చేసేది నాకే. స్టైపెండ్ అడిగితే "నువ్వు నేర్చుకుంటున్నావు కదా" అన్నారు. ఎవరి దగ్గర నేర్చుకుంటున్నానండీ అని అడిగితే జవాబు లేదు. ఆ స్కూలు మాత్రం డబ్బు కట్టింది, నా హాస్టల్ అద్దె, మెస్సు, బస్సు ఛార్జీలు మా ఇంట్లో వాళ్ళు కట్టారు. అంటే ఆ కంపెనీ ప్రాజెక్టుకి పెట్టుబడి పెట్టింది మా నాన్న.

అందుకే నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: నువ్వు రాసిన కోడ్ ఎవరికి వెళ్తుంది? డబ్బు కట్టే కస్టమర్‌కి వెళ్తే అది పని, దానికి డబ్బు ఇవ్వాలి. నువ్వు విద్యార్థివా కాదా అన్నది ఆ కస్టమర్‌కి అనవసరం. అలా కాకుండా ఒక సీనియర్ రోజూ కాసేపు కూర్చుని నీ కోడ్ రివ్యూ చేస్తూ, టెస్టులు రాయడం, డిప్లాయ్ చెయ్యడం (రాసిన కోడ్‌ని సర్వర్‌లో పెట్టి నడపడం) నేర్పిస్తున్నాడంటే అక్కడ ఖర్చు వాళ్ళదీ ఉంది. అలాంటిది నెలో రెండు నెలలో, కాలేజీ వేసవి సెలవుల్లో, ఇంటి నుంచే చెయ్యగలిగితే డబ్బు లేకపోయినా చేసుకో. కానీ ఇప్పటికే పని వచ్చినవాణ్ణి ఆరు నెలలు డబ్బు ఇవ్వకుండా కూర్చోబెట్టి కోడ్ రాయించుకోవడాన్ని నేర్పడం అనరు.

నాకు నిజంగా పనికొచ్చింది ఆ తర్వాత ఊళ్ళో దొరికిన పని. కాళ్ళ మండలంలో రొయ్యల మేత అమ్మే ఒక డీలరు గారు, మా మామయ్యకి తెలిసినాయన, అప్పు ఖాతాలకి ఫోన్‌లో ఏదైనా చేసిపెట్టమన్నారు. మన వైపు సంగతి నీకు తెలిసిందే, రైతు మేత అప్పు మీద తీసుకుని పట్టుబడి అయ్యాక కడతాడు, ఒకే రైతుకి రెండు మూడు చెరువులు ఉంటాయి, అందులో ఒకటి లీజుది, పక్క చెరువులో రొయ్య పోయిందని ఈ చెరువు డబ్బు దానికి సర్దుతాడు. వచ్చిన డబ్బు ఏ చెరువు ఖాతాలో వెయ్యాలన్నదే అసలు తలనొప్పి. చెరువు గట్ల మీద సిగ్నల్ ఉండదు కాబట్టి ఎంట్రీలు ఫోన్‌లో దాచి తర్వాత పంపాలి, అలా పంపేటప్పుడు ఒకే ఎంట్రీ రెండుసార్లు పడకుండా చూడాలి. ఆయన ఇచ్చింది పెద్ద మొత్తం కాదు, కానీ "బాబూ, సగం ఇప్పుడు తీసుకో, మిగతాది పని అయ్యాక" అని ముందే చేతిలో పెట్టారు. తర్వాత ఉద్యోగం ఇంటర్వ్యూలో ఆ డూప్లికేట్ ఎంట్రీల సమస్య మీదే చాలాసేపు మాట్లాడించారు. హైదరాబాద్ సర్టిఫికెట్ ఎవరూ అడగలేదు. ఇప్పుడు నేనే ఫ్రెషర్లని ఇంటర్వ్యూ చేస్తున్నాను, నేనూ అడగను. ఏం తయారుచేశావు, ఎక్కడ తేడా కొట్టింది, ఎలా సరిచేశావు అనే అడుగుతాను. నీ మెస్ యాప్ గురించి అలా చెప్పగలిగితే సగం ఇంటర్వ్యూ అయిపోయినట్టే.

ఇక సంతకం పెట్టే ముందు ఒకటి చూసుకో. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ప్రోగ్రామ్ రాసినవాడే దాని మొదటి హక్కుదారు. ఉద్యోగంలోనో అప్రెంటిస్‌గానో ఉండి పనిలో భాగంగా రాస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు యజమానిది. మామూలుగా హక్కు ఇంకొకరికి ఇవ్వాలంటే నువ్వు సంతకం పెట్టిన కాగితం ఉండాలి. అందుకే చాలా ఇంటర్న్‌షిప్ లెటర్లలో "ఇక్కడ రాసిందంతా కంపెనీదే" అనే లైను పెడతారు. డబ్బు ఇవ్వకుండా ఆ లైను మీద సంతకం అడిగితే గట్టిగా ప్రశ్నించు. నీ పాత మెస్ యాప్ కోడ్ అందులోకి రాదని రాయించుకో.

అప్రెంటిస్ దారి వేరు. 1961 అప్రెంటిసెస్ చట్టం కింద ఒప్పందం నమోదైతే స్టైపెండ్ తప్పనిసరి, 2019లో నియమాలు మార్చినప్పుడు డిగ్రీ ఉన్నవాళ్ళకి నెలకి కనీసం 9,000 రూపాయలుగా పెట్టారు. పాస్ అయ్యాక నాట్స్ (కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ శిక్షణ పథకం) పోర్టల్ చూడు. ఊరికే "ఇంటర్న్" అన్న పేరు మీద తీసుకుంటే ఈ రక్షణ రాదు.

డబ్బు లేకుండా పనిచెయ్యాలనే ఉంటే ఓపెన్ సోర్స్‌లో, అంటే ఎవరైనా కోడ్ చూసి వాడుకోగలిగే ప్రాజెక్టుల్లో చెయ్యి. కోడ్ నీ పేరుతో అందరికీ కనిపిస్తుంది, రివ్యూ చేసేవాళ్ళు ఉంటారు. కొత్తవాళ్ళని ఇలాంటి ప్రాజెక్టుల్లోకి తీసుకోడానికి గూగుల్ 2005 నుంచి నడుపుతున్న సమ్మర్ ఆఫ్ కోడ్‌లో ఎంపికైతే స్టైపెండ్ కూడా ఇస్తారు, అప్లికేషన్‌కి ముందే ఆ ప్రాజెక్టులో చిన్న బగ్గులు సరిచేసి ఉంటే అవకాశం పెరుగుతుంది.

కాలేజీలో చివరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ చూపించాలన్న టెన్షన్ నీకుంటుంది, నాకు తెలుసు. ఆ టెన్షన్‌ని పట్టుకునే కొందరు ఎదురు ఫీజు తీసుకుని సర్టిఫికెట్లు అమ్ముతున్నారు, వాటి జోలికి మాత్రం అస్సలు పోకు. మీ హెచ్‌ఓడీ గారిని కలిసి, ఊళ్ళోనే ఒక వ్యాపారానికి చేసే ప్రాజెక్టుని లెటర్‌తో ఒప్పుకుంటారా అని అడుగు, కొంతమంది ఒప్పుకుంటారు.

ఆ కంపెనీకి మర్యాదగానే మెయిల్ పెట్టు: నా కోడ్ ఎవరు రివ్యూ చేస్తారు, అది కస్టమర్‌కి వెళ్తుందా, వెళ్తే నెలకి ఎంత ఇస్తారు, ఇంటి నుంచి చెయ్యొచ్చా. ఫోన్‌లో వద్దు, మెయిల్‌లోనే అడుగు. నాన్నగారికి కూడా ఆ జవాబు చూపించు, అప్పటిదాకా దింపు డబ్బులు ఆయన దగ్గరే ఉండనీ. వాళ్ళు ఏమన్నారో పేర్లు తీసేసి ఇక్కడ పెట్టు, చదివి చెప్తాను.