హీటర్ కాలిందని ఉద్యోగం మాన్పించేస్తారా మాస్టారూ?

ప్రశ్న: నేను ఆమదాలవలస దగ్గర హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి, జిల్లాలోనే ఒక కాలేజీ రీసెర్చ్ ల్యాబ్‌లో ఎనిమిది నెలలుగా ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేస్తోంది. మొన్న టెంపరేచర్ కంట్రోలర్‌లో ఏదో సెట్టింగ్ తప్పయి హీటర్ కాలిపోయిందట. దాని ఖరీదు జీతంలో కోస్తామన్నారు. రాత్రంతా ఏడ్చింది. ఈ ఎలక్ట్రీషియన్ పనికి ఎమ్మెస్సీ ఎందుకు? మా తోడల్లుడి కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. మా అమ్మాయిని కూడా అమీర్‌పేటలో డేటా సైన్స్ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాం. ఏది మంచిదో పోల్చి చెప్పగలరు.

జవాబు: మాస్టారూ, పోల్చి చెప్తాను గానీ, ముందు ఒకటి అడగనివ్వండి. మీ తోడల్లుడి కొడుక్కి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రాకపోయి ఉంటే ఈ ఉత్తరం రాసేవారా? హీటర్లు కాలడం కొత్త కాదు. పెళ్ళిళ్ళలో "అమ్మాయి ఏం చేస్తోంది" అని అడిగితే ఒక్క ముక్కలో చెప్పడానికి లేదన్నదే మీ బాధ అని నాకనిపిస్తోంది. ఇలాంటి ఉత్తరాలు నాకు నెలకి నాలుగైనా వస్తాయి.

ఇక హీటర్ సంగతి. కౌన్సెలింగ్‌కి రాకముందు నేను పాలిటెక్నిక్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ ల్యాబ్ చూసుకునేవాణ్ణి కాబట్టి ఆ రోజు ఏం జరిగి ఉంటుందో ఊహించగలను. ఇలాంటి కంట్రోలర్లలో పెద్దవి 25 ఓమ్‌ల హీటర్‌కి 2 ఆంపియర్ల దాకా పంపగలవు. పవర్ అంటే కరెంట్ వర్గాన్ని రెసిస్టెన్స్‌తో గుణించడమే: 2 × 2 × 25, అంటే 100 వాట్లు. శాంపిల్ పక్కన బిగించిన చిన్న హీటర్ 25 వాట్లకి మించి తట్టుకోలేనిదైతే, గరిష్ఠ కరెంట్‌ని 1 ఆంపియర్ దగ్గరే ఆపేలా సెట్ చేసుకోవాలి. ఆ ఒక్క అంకె మార్చకుండా, ముందువాళ్ళు వదిలేసిన సెట్టింగ్ మీదే ఆన్ చేస్తే హీటర్ మీద నాలుగింతల భారం పడుతుంది.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. కంట్రోలర్ తెర మీద హీటర్‌కి వెళ్ళేది 50 శాతం అని కనిపిస్తుంది. సగమే కదా అనుకుంటాం. దేనిలో సగం? కొన్ని కంట్రోలర్లలో ఆ శాతం కరెంట్‌దా, పవర్‌దా అన్నది కూడా మనమే ఎంచుకోవాలి. కరెంట్‌లో సగమైతే పవర్ నాలుగో వంతే, 25 వాట్లు. హీటర్ బతికిపోతుంది. పవర్‌లో సగమైతే 50 వాట్లు, కాలిపోతుంది. ఎమ్మెస్సీ ఎందుకని అడిగారు కదా, ఇదిగో, ఇందుకే.

రేంజ్, అంటే హీటర్‌కి పంపగల పవర్ హద్దు, తగ్గించి పెట్టి ఉంటే మిగతావన్నీ తప్పయినా హీటర్ మిగిలేది. ఒక రకం మోడళ్ళలో లో, మీడియం, హై అని మూడుంటాయి: 1 వాట్, 10 వాట్లు, 100 వాట్లు. మీడియంలో వేడెక్కడం ఆలస్యమవుతుంది, అంతే. ఆ తర్వాత పీఐడీ అంకెలు, అంటే వేడిని ఎంత పెంచాలో ఎప్పుడు తగ్గించాలో కంట్రోలర్‌కి చెప్పేవి, సరిచూసుకోవాలి. కట్టెల పొయ్యి మీద పాలు పొంగుతుంటే కట్టె లాగేసినా నిప్పుల వేడికి ఇంకాసేపు పొంగుతూనే ఉంటాయి చూడండి. ఎప్పుడు లాగాలో ముందే పసిగట్టడం ఆ అంకెల పని. ఈ లెక్కకి మూలం 1922లో మినార్‌స్కీ అనే ఇంజనీర్ ఓడ చుక్కాని తిప్పడం గురించి రాసిన పేపర్. మా డిప్లొమా పిల్లలకి ఈ ముక్క చెబితే నిద్ర మత్తు వదిలేది.

మీరు పైడిభీమవరం మీదుగా బస్సులో వెళ్తూ ఫార్మా కంపెనీలు చూసే ఉంటారు. మందులు ఎన్నాళ్ళు పాడవకుండా ఉంటాయో తేల్చడానికి వాటిని 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో ఆరు నెలలు ఉంచుతారు. వేడి అటూ ఇటూ రెండు డిగ్రీలు దాటితే దానికి సంజాయిషీ రాయాలి. ఆ ఛాంబర్ లోపల తిరిగేదీ మీ అమ్మాయి నేర్చుకుంటున్న లెక్కే. మొదటి రెండు మూడేళ్ళు జీతం చిన్నదే, దాచను. క్యాలిబ్రేషన్ (కొలిచే పరికరాలు సరిచూసే పని) వైపు వెళ్ళినా, పీహెచ్‌డీ వైపు వెళ్ళినా ఈ చేతి అనుభవం వెంట వస్తుంది. గేట్, నెట్ సంగతులు మీ అమ్మాయికే బాగా తెలుసు, వదిలేస్తున్నాను.

డేటా సైన్స్ చెడ్డదని అనను. కానీ మూడు నెలల కోర్సు చేసి, సర్టిఫికెట్ పట్టుకుని తిరిగొచ్చి నా ఎదురుగా కూర్చున్న పిల్లల్ని చూశాను. వాళ్ళందరికీ ఒకే రకం ప్రాజెక్ట్, ఎవరో ఇచ్చిన ఒకే డేటా. ఆ డేటా ఎక్కడ పుట్టిందని అడిగితే చెప్పలేరు. మీ అమ్మాయి దగ్గర తను కొలిచిన డేటా ఉంది. కంట్రోలర్‌ని కంప్యూటర్‌కి కలిపి, పైథాన్‌తో రీడింగ్‌లు తీసి గ్రాఫ్ గీయడం సాయంత్రాల్లో నేర్చుకోమనండి. దానికి హైదరాబాద్‌లో హాస్టల్ అక్కర్లేదు. పోలిక అడిగారు గానీ, ఆ అమ్మాయికి ఏది ఇష్టమో మీ ఉత్తరంలో ఒక్క ముక్క కూడా లేదు. తను అడిగితే రెండో సగం రాస్తాను.

నేనూ ఒక మఫుల్ ఫర్నేస్, అంటే ల్యాబ్‌లో వాడే కరెంటు కొలిమి, కాల్చాను. లోపల వేడిని కొలిచే థర్మోకపుల్ బయటికి జారిపోయింది, నేను గమనించలేదు. కంట్రోలర్ గది వేడిని చదువుతూ, ఇంకా చల్లగానే ఉందనుకుని ఆపకుండా కరెంట్ పంపింది. కాయిల్ తెగిపోయింది. వారం రోజులు తిట్లు తిన్నాను, జీతం మాత్రం ఎవరూ కోయలేదు. మీ అమ్మాయి జీతం కోస్తామన్న మాట నోటితో కాకుండా కాగితం మీద ఇమ్మని మర్యాదగా అడగమనండి. ఆ రోజు కంట్రోలర్‌లో ఏ సెట్టింగ్‌లు ఉన్నాయో, అంతకుముందు ఎవరు వాడారో తనూ ఒక పేజీ రాసివ్వాలి. లాగ్‌బుక్ లేని ల్యాబ్ అయితే తప్పు తనొక్కదానిదే కాదు.

కొత్త హీటర్ వచ్చాక తనే బిగిస్తానని అడగమనండి. బిగించే ముందు మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ కొలిచి, ఓమ్‌లు, వాట్లు, గరిష్ఠ కరెంట్ ఒక చీటీ మీద రాసి కంట్రోలర్ నెత్తిన అంటించమనండి. ఆదివారం ఇంటికొచ్చినప్పుడు మీరు జీతం మాట ఎత్తకుండా, ఆ చీటీలో ఏం రాసిందో అడగండి.