నల్ల ఎలుగుబంటి చలికాలం గడిపేది గుహలోనేనా?

చాలావరకు కాదు, ఉత్తర అమెరికాలోని ఈ ఎలుగుబంటికి చెట్టు తొర్ర, కూలిన చెట్టు వేళ్ల కింది గుంత, రాళ్ల సందు, ఏది అనువుగా దొరికితే అదే పడకగది.

శరదృతువు చివర్లో చుట్టుపక్కల ఎండుటాకులు, గడ్డి, బెరడు ముక్కలు పంజాతో గీరి లోపలికి లాక్కుని పరుపులా వేసుకుంటుంది. చోటు ఇరుకైతేనే దానికి మేలు. ముడుచుకుని పడుకుంటే ఒంటి వేడి అంత తేలిగ్గా పోదు. ద్వారం కూడా చాలాసార్లు ఒళ్లు దూరేంతే ఉంటుంది, అంత పెద్ద జంతువు ఎలా పట్టిందా అనిపిస్తుంది.

ఈ ఏర్పాటంతా చలికి భయపడి కాదు, తిండి దొరకదని. అందుకే ముందే రోజుకు 20,000 కేలరీల దాకా తిని, ఆ కొవ్వు మీదే నెలల తరబడి నీళ్లు కూడా తాగకుండా బతుకుతుంది. చలి తక్కువగా ఉండే ఫ్లోరిడానే చూడండి. అక్కడ కొన్ని మగవి చలికాలమంతా తిరుగుతూనే ఉంటాయి, కడుపుతో ఉన్న ఆడవి మాత్రం పడక వేసుకుంటాయి.

లోపల అది స్పృహ లేకుండా పడి ఉంటుందనుకోవడం పొరపాటు. గుండె వేగం బాగా పడిపోయినా ఒంటి వేడి కొద్ది డిగ్రీలే తగ్గుతుంది, అలికిడైతే లేచేస్తుంది. ఆడది జనవరి ప్రాంతంలో అక్కడే పిల్లల్ని కని వాటికి పాలు కూడా ఇస్తుంది.